15.6 నుంచి 14 అంగుళాలకు: తెర చిన్నదైతే నిజంగా తగ్గేది ఎంత?

హనుమకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ కంప్యూటర్ షాపులోనైనా ఇంజినీరింగ్ అడ్మిషన్ల సీజన్‌లో ఓ గంట నిలబడితే చాలు, ఈ మాట చెవిన పడుతుంది. కౌంటర్ మీద రెండు ల్యాప్‌టాప్‌లు తెరిచి ఉంటాయి. ఒకటి 15.6 అంగుళాలది, ఇంకోటి 14ది. ధరలు చూసిన తండ్రి షాపు కుర్రాడి వైపు తిరుగుతాడు.

"ఏం తమ్మీ, గింత చిన్నదానికి గంత రేటా?"

"అది స్లిమ్ మోడల్ అంకుల్, మెటల్ బాడీ."

ఆ జవాబు ఆయనకు ఎక్కదు. 32 అంగుళాల టీవీ కంటే 43 అంగుళాల టీవీకి ఎక్కువ పెట్టారంటే అర్థం ఉంది. ఇక్కడ లెక్క తిరగబడింది. పెద్దదే ప్యాక్ చేయిస్తారు. నాలుగేళ్లు తిరిగేసరికి చదువైపోయి ఉద్యోగంలో పడ్డ అదే అబ్బాయి, తెల్లారకముందే కాజీపేట ప్లాట్‌ఫాం మీద బ్యాగును ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ, ఫోన్‌లో 14 అంగుళాల ల్యాప్‌టాప్‌ల ధరలు చూస్తుంటాడు.

పెద్దదాని నుంచి చిన్నదానికి మారాలనుకున్నప్పుడు మొదట వచ్చే అనుమానం తెర సరిపోతుందా అని. దీనికి స్కేలు పట్టుకుని కొలిచి జవాబు చెప్పొచ్చు. కొలిస్తే తేలేది మాత్రం చాలామంది అనుకునేది కాదు. సరిగ్గా ఎంచుకుంటే తెర ఎత్తు పెద్దగా తగ్గదు, తగ్గేది వెడల్పు. అందుకే మారడం కలిసొస్తుందా లేదా అన్నది చేసే పని అడ్డంగా పరుచుకునేదా, నిలువుగా సాగేదా అన్నదాన్ని బట్టే ఉంటుంది.

అంగుళం ఏం కొలుస్తుంది

15.6, 14 అనేవి తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఏటవాలుగా తీసిన కొలతలు. రెండింటికీ తేడా అంగుళంన్నర పైచిలుకు, అంటే నాలుగు సెంటీమీటర్లు. వినడానికి పెద్దగా ఏమీ లేదు. కానీ ఏటవాలు కొలత తెర ఆకారాన్ని దాచేస్తుంది. సాధారణ 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ తెర 16:9 ఆకారంలో ఉంటుంది, అంటే వెడల్పు 16 పాళ్లయితే ఎత్తు 9 పాళ్లు. వెడల్పు 34.5 సెంటీమీటర్లు, ఎత్తు 19.4. ఈమధ్య వస్తున్న 14 అంగుళాల మోడళ్లలో చాలావాటికి 16:10 తెర ఉంటోంది. దాని వెడల్పు 30.2, ఎత్తు 18.9. రెండు ఎత్తుల మధ్య తేడా అర సెంటీమీటరు, అటూ ఇటూగా చిటికెన వేలి గోరు అంత. వెడల్పులో మాత్రం ఏకంగా 4.4 సెంటీమీటర్లు పోయాయి.

అదే 14 అంగుళాల్లోనే పాత 16:9 ఆకారం తెర తీసుకుంటే కథ మారిపోతుంది. ఎత్తు 17.4కు పడిపోతుంది. వెడల్పూ పోయి, ఎత్తులోనూ రెండు సెంటీమీటర్లు పోయి, "చిన్నది కొని తప్పు చేశాం" అనిపించేది ఇక్కడే. షాపులో ఈ తేడా ఎవరూ విప్పి చెప్పరు, రెండింటికీ ఒకే స్టిక్కరు, 14 అని. పెట్టె మీద 1920×1080 అని ఉంటే అది 16:9. 1920×1200 లేదా 2880×1800 అని ఉంటే 16:10. కొనేముందు చూడాల్సిన మొదటి అంకె ఇదే, ప్రాసెసర్ పేరు తర్వాత.

ఆకారాల్లో ఈ గందరగోళం ఊరికే రాలేదు. 2008కి కాస్త అటూ ఇటూగా ల్యాప్‌టాప్ కంపెనీలు దాదాపు అన్నీ టీవీల దారిలో 16:9 తెరలకు మళ్లాయి. టీవీ పలకలు కోసే ఫ్యాక్టరీల్లోనే వీటినీ కోస్తే చవకగా పడుతుంది మరి. సినిమా చూడటానికి బాగుంది, రాసుకోవడానికి మాత్రం తెర పొట్టిదైపోయింది. ఆపిల్ మ్యాక్‌బుక్‌లు దాదాపు అన్నీ ఆ గుంపులో కలవకుండా 16:10 దగ్గరే ఉండిపోయాయి. 2020లో డెల్ ఎక్స్‌పీఎస్ 13 మళ్లీ 16:10కు వచ్చింది, ఆ తర్వాత చాలా కంపెనీలు అదే బాట పట్టాయి. పదేళ్ల కిందట "14 అంగుళాలు ఇరుకు" అని ఎవరైనా చెప్పి ఉంటే అది అప్పటికి నిజమే. ఇప్పటి తెరకు ఆ మాట వర్తించదు.

తెర చుట్టూ ఉండే అంచుదీ ఇదే కథ. 2015లో అదే ఎక్స్‌పీఎస్ 13 అంచులను బాగా సన్నం చేసి, 13.3 అంగుళాల తెరను అంతకుముందు 11 అంగుళాల ల్యాప్‌టాప్‌కు ఉండే పెట్టెలో పట్టించింది. అప్పట్నుంచి తెర తగ్గిన దానికంటే పెట్టె ఎక్కువ తగ్గుతూ వస్తోంది. ఆరేడేళ్ల పాత 15.6 మిషన్‌ను, కొత్త 14ను ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే అది మొహాన కనిపిస్తుంది.

ఇక షాపులో ఆ తండ్రి అడిగిన ప్రశ్న. ప్లాస్టిక్ బాడీ 15.6 అన్నది అందరూ కొనే సరుకు, లక్షల్లో తయారవుతుంది, అందుకే చవక. అవే భాగాలను తక్కువ చోటులో ఇరికించాలంటే మదర్‌బోర్డు చిక్కగా గీయాలి, బ్యాటరీ పలచగా చేయాలి, పలచనైనా వంగకుండా లోహపు బాడీ పెట్టాలి. చవక 15.6 మోడళ్లలో తెర వెలుగు చాలాసార్లు 250 నిట్లే ఉంటుంది, కిటికీ పక్కన కూర్చుంటే మన మొహమే కనిపిస్తుంది. కాస్త మంచి 14ల్లో అది 400 దాకా ఉంటుంది. బ్యాటరీ కూడా చిన్నదాంట్లో చిన్నదే ఉంటుందనుకోవడం పొరపాటు. 42 వాట్-అవర్ల బ్యాటరీతో వచ్చే పెద్ద మోడళ్లున్నాయి, 55 పైన ఉన్న చిన్నవీ ఉన్నాయి. అంగుళాలు తగ్గి ధర పెరిగిందంటే డబ్బు వీటికి పోయింది. వీటిలో ఏదీ లేకుండా ధర మాత్రమే ఎక్కువున్న 14లు కూడా ఉన్నాయి, అది వేరే విషయం.

అక్షరం సైజు, తెలుగు వత్తులు

తెర ఎత్తు పోలేదు సరే, అక్షరం సంగతేమిటి? 15.6 అంగుళాల తెరలో 1920×1080 చుక్కలుంటే ప్రతి అంగుళానికి 141 చుక్కలు పడతాయి. 14 అంగుళాల 1920×1200 తెరలో 162. చుక్కలు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి, రెంటిలోనూ విండోస్ స్కేలింగ్ (తెర మీదవి ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే సెట్టింగు) 125 శాతమే పెట్టి ఉంచితే, చిన్నదాంట్లో అక్షరం 13 శాతం చిన్నగా కనిపిస్తుంది. బదులుగా నిలువుగా ఎక్కువ వరుసలు పడతాయి. వర్డ్‌లో ఉత్తరం రాసేవాళ్లకు, పీడీఎఫ్ చదివేవాళ్లకు, కోడ్ రాసేవాళ్లకు ఇది లాభమే. పేజీ కిందికి జరపడం తగ్గుతుంది.

అక్షరం మరీ చిన్నదైందనిపించి స్కేలింగ్‌ను 150కి పెంచితే అప్పుడు అసలు నష్టం బయటపడుతుంది. ఎక్సెల్ షీటే చూడండి. మామూలు వెడల్పు కాలమ్‌లు 125 శాతం దగ్గర తెర మీద 23 దాకా పడతాయి. 150 దగ్గర 19. నాలుగు కాలమ్‌లు కుడిపక్క గోడ అవతలికి వెళ్లిపోయాయి. హాజరు పట్టీలోనో జీతాల షీట్‌లోనో ఎడమ చివర పేరుంటుంది, కుడి చివర మొత్తం ఉంటుంది. పేరు, మొత్తం ఒకేసారి కనబడకపోవడం అనేది రోజుకు వందసార్లు అటూ ఇటూ జరుపుతూ అనుభవించాల్సిన చిరాకు. పేరున్న కాలమ్‌ను ఫ్రీజ్ చేసుకుంటే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

తెలుగు చదివేవాళ్లకు, రాసేవాళ్లకు ఇందులో ఇంకో మెలిక ఉంది, అది చిన్న తెరకు అనుకూలమైనది. ఇంగ్లిష్ అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది. తెలుగు అక్షరం పైకి గుడి కడుతుంది, కిందికి వత్తులు దింపుతుంది. "రాష్ట్రం" అనే మాటలో ష కింద ట వత్తు, ర వత్తు రెండూ పట్టాలి. ద, ధల మధ్య తేడా కింద ఒక చిన్న నిలువు గీత. డ, ఢలదీ అంతే, చ, ఛలదీ అంతే. పాత 15.6 ల్యాప్‌టాప్‌లలో 1366×768 తెర ఉండేది, అంగుళానికి వంద చుక్కలే. అందులో ఈ గీతలు అలుక్కుపోయి, "ధనం" కాస్తా "దనం" అయినా ప్రూఫ్ చూసేవాళ్ల కంటికి దొరికేది కాదు. అంగుళానికి 160 చుక్కలున్న తెరలో అక్షరం చిన్నదైనా గీత గీతగా నిలబడుతుంది. అక్షరం పెద్దగా ఉండటం ఒకటి, స్పష్టంగా ఉండటం ఒకటి. తెలుగుకు రెండోదే ఎక్కువ పనికొస్తుంది. పైగా వత్తుల వల్ల తెలుగులో వరుసకీ వరుసకీ మధ్య ఎడం ఎక్కువ కావాలి, అందుకే ఇక్కడ ఎత్తు తగ్గకపోవడానికి విలువుంది.

నలభై దాటినవాళ్ల విషయం కాస్త వేరు. చత్వారం అద్దాలను సాధారణంగా పుస్తకం పట్టుకునే దూరానికి, అంటే సుమారు 40 సెంటీమీటర్లకు రాస్తారు. ల్యాప్‌టాప్ తెర 50, 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పెద్ద అక్షరాలున్న పాత తెర మీద ఈ తేడా తెలియకుండా నెట్టుకొచ్చినవాళ్లు, చిన్నదానికి మారగానే మెడ ముందుకు చాచి చూడటం మొదలుపెడతారు. నెల తిరక్కుండా మెడ నొప్పి. తప్పు ల్యాప్‌టాప్ మీద పడుతుంది. కళ్ల పరీక్షకు వెళ్లినప్పుడు తెర ఎంత దూరంలో పెట్టుకుంటామో చెప్పి, ఆ దూరానికి పవర్ చూడమంటే సరిపోయే పని ఇది.

డీటీపీ సెంటర్లవాళ్లు మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించాలి. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే చోట్ల ఇప్పటికీ అను ఫాంట్లు, పేజ్‌మేకర్ నడుస్తున్నాయి. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అంగుళానికి 240 చుక్కలుండే తెరలు వస్తాయని దాన్ని రాసినవాళ్లు కలగనలేదు. 2880×1800 తెర మీద అలాంటి పాత సాఫ్ట్‌వేర్‌ను తెరిస్తే విండోస్ దాన్ని సాగదీసి చూపిస్తుంది, అంతా నూనె కాగితం వెనక నుంచి చూసినట్టుంటుంది. కంపాటబిలిటీ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ సాగదీతను ఆపేస్తే మెనూలు చీమల్లా అయిపోతాయి. మసకనో, చీమలనో ఏదో ఒకటి భరించాలి. ఇలాంటి పని ఉన్నవాళ్లకు ఖరీదైన చిక్కటి తెర కంటే మామూలు 1920×1200 తెరే మేలు.

నంబర్ ప్యాడ్ పోయినప్పుడు

కొనేముందు ఎవరూ భయపడని, కొన్నాక మొదటి రోజే తగిలే దెబ్బ తెర వల్ల రాదు, కీబోర్డు వల్ల వస్తుంది. 15.6 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కుడివైపు నంబర్ ప్యాడ్ ఉంటుంది. 14లో దాదాపుగా ఉండదు.

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజుల్లో అడ్తి దుకాణంలో కూర్చుని చూస్తే దాని విలువ తెలుస్తుంది. తక్‌పట్టీల మీదున్న బస్తాల సంఖ్య, తూకం, ధర, హమాలీ ఖర్చు ఒకదాని వెంట ఒకటి ట్యాలీలోకి ఎక్కుతుంటాయి. గుమస్తా ఎడమ చేతి వేలు కాగితం మీది వరుస వెంట కిందికి జరుగుతుంటుంది. కుడి చెయ్యి నంబర్ ప్యాడ్ మీద ఉంటుంది, కళ్లు కాగితం మీదే. 5 మీద ఉండే చిన్న బొడిపె మధ్య వేలికి తగులుతుంటుంది, మిగతా అంకెలన్నీ దాన్నిబట్టి దొరికిపోతాయి. ఆఖర్న చిటికెన వేలు ఎంటర్ మీద. ఆయన తెర వైపు చూసేది పట్టీ పూర్తయ్యాకే.

ఈ మనిషి చేతికి 14 అంగుళాల ల్యాప్‌టాప్ ఇస్తే అంకెలన్నీ పై వరుసలోకి, 1 నుంచి 0 దాకా అడ్డంగా పరుచుకుంటాయి. ఒక్క చేత్తో అందవు. కాగితం మీది వేలు తీసి రెండో చెయ్యి కూడా కలపాలి, కళ్లు కాగితానికీ కీబోర్డుకూ మధ్య పరుగులు పెట్టాలి. అరగంట పని గంటవుతుంది. అసలు బాధ తప్పులు పెరగడం. ఆసుస్ కొన్ని మోడళ్లలో టచ్‌ప్యాడ్ మీదే వెలిగే అంకెలు పెట్టింది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ నున్నటి అద్దం మీద 5 ఎక్కడుందో వేలికి తెలియదు, చూసి నొక్కాల్సిందే. విడిగా దొరికే యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ వెయ్యి రూపాయల లోపే వస్తుంది, పని బాగానే చేస్తుంది. కాకపోతే బ్యాగులో ఇంకో వస్తువు చేరినట్టే. రోజంతా అంకెలతో పనిచేసేవాళ్లు, అదీ ఒకేచోట కూర్చుని చేసేవాళ్లు, చిన్నదానికి మారి బాగుపడేది ఏమీ లేదు. మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట ఇది.

అంకెలతో పెద్దగా పని లేనివాళ్లకు మాత్రం నంబర్ ప్యాడ్ లేకపోవడమే సుఖం. అది ఉన్న కీబోర్డులో అక్షరాల భాగం మొత్తం ఎడమకు జరిగిపోయి ఉంటుంది. చేతులు ఎడమ పక్కకు, చూపు తెర మధ్యకు, రోజంతా నడుము కొద్దిగా మెలితిరిగే ఉంటుంది. చిన్న ల్యాప్‌టాప్‌లో అక్షరాలు తెర మధ్యకు తిన్నగా వస్తాయి. మీటలు చిన్నవవుతాయన్న భయమూ అక్కర్లేదు. 2007లో 7 అంగుళాల ఈఈఈ పీసీ వచ్చినప్పుడు వేళ్లు ఒకదాన్నొకటి తొక్కుకున్నాయి గానీ, ఇప్పటి 13, 14 అంగుళాల కీబోర్డుల్లో మీట మధ్య నుంచి పక్క మీట మధ్యకు దూరం పెద్దవాటిలోలాగే 19 మిల్లీమీటర్లకు దగ్గర్లోనే ఉంటుంది.

ఒక్కచోట మాత్రం జాగ్రత్తగా చూడాలి, అది తెలుగు టైపు చేసేవాళ్లు. కంపెనీలు చోటు కోసం కక్కుర్తి పడేది కీబోర్డు కుడి అంచున. పి మీటకు, ఎల్ మీటకు అవతల ఉండే బ్రాకెట్, సెమీకోలన్, కొటేషన్ మీటలను సన్నగా నొక్కేస్తుంటారు. ఇంగ్లిష్ టైపు చేసేవాళ్లకు వాటితో పెద్దగా పని ఉండదు. తెలుగు టైపింగుకు వాడే ఇన్‌స్క్రిప్ట్ అనే మీటల అమరికలో సెమీకోలన్ మీట మీద చ ఉంటుంది, దాని పక్కన కొటేషన్ మీట మీద ట, పైన బ్రాకెట్ మీట మీద డ. "చెట్టు", "చుట్టాలు", "వాడు" అని రాసిన ప్రతిసారీ చిటికెన వేలు అక్కడికే పోవాలి. కాబట్టి షాపులో కీబోర్డు పరీక్షించాలంటే ఇంగ్లిష్‌లో పేరు కొట్టి చూస్తే కుదరదు, ఆ మూడు మీటలు నొక్కి చూడాలి.

బరువు, బోగీ, బస్సు

"చాలా తేలిక" అన్న ప్రచారాన్ని కూడా తూకం వేసి చూడాలి. ఈమధ్యవి మామూలు 15.6 ల్యాప్‌టాప్‌లు 1.7 కిలోల దగ్గర ఉంటున్నాయి. మామూలు 14లు 1.4. తేడా 300 గ్రాములు, అంటే సగం దాకా నింపిన నీళ్ల సీసా. దీనికోసం కొత్తది కొనడం దండగ. గేమింగ్ ల్యాప్‌టాప్ మోసేవాళ్ల సంగతే వేరు. మిషన్ 2.3 కిలోలు, ఇటుక లాంటి దాని అడాప్టర్ ఇంకో అర కిలో పైన. దాన్నుంచి 1.3 కిలోల చిన్నదానికి, అరచేతిలో పట్టే 65 వాట్ల టైప్-సి చార్జర్‌కు మారితే మొత్తం మీద కిలోన్నర దాకా భుజం మీంచి దిగిపోతుంది. అదే చార్జర్‌తో ఫోన్ కూడా ఎక్కుతుంది. అలాగని తెర పెద్దదైతే బరువు ఎక్కువుండాలనేమీ లేదు. ఎల్‌జీ గ్రామ్ 17 అంగుళాలదైనా 1.35 కిలోలే. బరువే సమస్య అయితే అంగుళాలు కాదు, గ్రాములు చూసుకోవాలి.

మరి కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా 132 కిలోమీటర్లు రోజూ వెళ్లొచ్చేవాళ్లకు చిన్నది ఎందుకు నచ్చుతుంది? బరువు కంటే లోతు వల్ల. ఏసీ చైర్ కార్‌లో ముందు సీటు వెనక మడత బల్ల ఉంటుంది. దాని మీద 15.6 పెడితే ముందు అంచు పొట్టకు తగులుతుంది. ఈలోగా ముందు సీటాయన కునుకు కోసం సీటు వెనక్కి వాలుస్తాడు, తెర మూత సగానికి మూసుకుపోతుంది. మిగతా దారంతా మెడ వంచి ఆ సందులోంచి చూడాలి. 14 అంగుళాలది రెండు మూడు సెంటీమీటర్లు పొట్టి, ఇంకాస్త వెనక్కి జరుపుకోవచ్చు. జనరల్ బోగీలో అయితే ఈ లెక్కలేవీ లేవు, నిలబడ్డానికి చోటు దొరికితే గొప్ప. హనుమకొండ నుంచి ఉప్పల్ వెళ్లే ఆర్టీసీ బస్సులో బల్ల ఉండదు, ఒళ్లో పెట్టుకోవాలి. అక్కడ పెద్ద మిషన్ అంచు పక్కాయన మోచేతికి తగిలి, జనగామ చేరేలోపు రెండుసార్లు సారీ చెప్పాల్సి వస్తుంది.

మే నెల పరీక్ష

ఇక స్పీడు. "చిన్నది స్లో" అనేది సగం నిజం. కంప్యూటర్ వేగం ప్రాసెసర్‌లో ఎంత ఉందో, అది పుట్టించే వేడిని బయటకు తోసే దారిలోనూ అంతే ఉంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లలో 15 వాట్ల చుట్టూ నడిచేవి ఒక రకం, 45 వాట్లవి ఇంకో రకం. పెద్ద పెట్టెలో రెండు ఫ్యాన్లు, లావు రాగి గొట్టాలు పడతాయి. చిన్నవాటిలో చాలావాటికి ఒక్క ఫ్యానే ఉంటుంది, 2020 తర్వాతి మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో అదీ లేదు. బ్రౌజర్, వర్డ్, జూమ్ కాల్ లాంటి పనులకు 15 వాట్లే ఎక్కువ. ఆటోక్యాడ్‌లో బరువైన డ్రాయింగులు, గంటలకొద్దీ వీడియో ఎడిటింగ్ ఉంటే చిన్న మిషన్ మొదటి పది నిమిషాలు దూసుకుపోయి, ఆ తర్వాత వేడికి నెమ్మదిస్తుంది.

ఈ లెక్కలో ఉత్తర తెలంగాణకు ఒక సొంత చిక్కుంది, ఎండ. రామగుండం, మంచిర్యాల వైపు మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు, వరంగల్‌లోనూ 42, 43 మామూలే. ఏసీ లేని గదిలో ఫ్యాన్ కింద 40 దాకా ఉంటుంది. ఆపిల్ తన ల్యాప్‌టాప్‌లను 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమంటుంది. వేడి ఎంత జోరుగా బయటకు పోతుందనేది లోపలికీ బయటికీ ఉన్న ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గర తనను తాను కట్టడి చేసుకుంటుందనుకుందాం. 25 డిగ్రీల గదిలో ఆ తేడా 70. 40 డిగ్రీల గదిలో 55 మాత్రమే. అంటే అదే ఫ్యాన్, అదే గొట్టం ఉన్నా బయటకు పోయే వేడి ఐదో వంతు తగ్గిపోతుంది. చలికాలంలో బెంగళూరులో ఎవరో ఏసీ గదిలో పరీక్షించి పెట్టిన వీడియో చూసి కొన్న పలచని మిషన్, గోదావరిఖనిలో రేకుల షెడ్డు కింద అంత వేగం చూపించకపోవడం దాని లోపం కాదు. పెద్ద పెట్టెలో ఈ నష్టాన్ని తట్టుకునే వెసులుబాటు కాస్త ఎక్కువ. చిన్నదానికి మారేవాళ్లు వేసవిలో కనీసం దాన్ని పరుపు మీద పెట్టకుండా, కింద గాలి ఆడేలా బల్ల మీద పెట్టాలి. ఫ్యాన్ ఉన్నదైతే ఏడాదికోసారి దుమ్ము తీయించాలి, జిన్నింగ్ మిల్లుల దగ్గరైతే రెండుసార్లు. పత్తి పీచు ఫ్యాన్ రెక్కల వెనక మెత్తగా పట్టేసి, బయటికి ఏమీ కనిపించదు.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. పలచనైన మిషన్లలో నెట్ కేబుల్ గుచ్చే చోటు ఉండదు, కొన్నింట్లో హెచ్‌డీఎంఐ కూడా ఉండదు. కాలేజీ సెమినార్ హాల్లో పాత వీజీఏ ప్రొజెక్టర్ ముందు నిలబడ్డప్పుడు అడాప్టర్ ఇంట్లో మర్చిపోయామని తెలుస్తుంది. ర్యామ్ విషయం దీనికంటే పెద్దది. 15.6ల్లో చాలావాటికి ర్యామ్ స్లాట్ ఉంటుంది, రెండేళ్లయ్యాక హనుమకొండలోనే ఏ సర్వీస్ షాపులోనైనా ఇంకో 8 జీబీ వేయించుకోవచ్చు. చిన్నవాటిలో ర్యామ్‌ను చాలాసార్లు బోర్డుకే అతికించేస్తారు. కొన్నరోజు ఎంత ఉందో చివరిదాకా అంతే. అందుకని చిన్నది కొనేటప్పుడు 8 జీబీ దగ్గర ఆగి మిగిల్చే డబ్బు పొదుపు కిందికి రాదు. 16 తీసుకోవాల్సిందే.

చిన్నదానికి మారినవాళ్లలో సుఖంగా ఉన్నవాళ్లను గమనిస్తే, చాలామంది ఇంట్లో బల్ల మీద ఒక మానిటర్ కనిపిస్తుంది. 24 అంగుళాలది పది వేల లోపే దొరుకుతుంది. బయటకు చిన్న తెర, ఇంట్లో పెద్ద తెర, రెండింటి వెనకా ఒకటే మిషన్. మడికొండ ఐటీ పార్కులోనో హైదరాబాద్‌లోనో ఆఫీసులో మానిటర్ ఎలాగూ ఉంటుంది, ఇంట్లోనూ పెట్టుకుంటే 15.6 తెర చేసే పని ఇక మిగలదు. కరెంటు పోతే మానిటర్ ఆరిపోయినా పని ల్యాప్‌టాప్ మీద సాగుతూనే ఉంటుంది. పాత 15.6ను అమ్మబోతే వచ్చే ధర చూసి మనసు విరిగినవాళ్లు దాన్నే ఇంట్లో పిల్లల చదువుకు వదిలేస్తున్నారు, అదీ మంచిదే.

ఇంత చదివాకా తేల్చుకోలేకపోతే పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. పాత దినపత్రిక లోంచి 4.4 సెంటీమీటర్ల వెడల్పున నిలువుగా ఒక పట్టీ కత్తిరించి, ఇప్పుడు వాడుతున్న 15.6 తెర కుడి అంచు మీద టేపుతో అంటించాలి. విండోలన్నీ ఆ పట్టీ దాకానే కుదించుకుని, నంబర్ ప్యాడ్ ముట్టుకోకుండా, వారం రోజులు మామూలు పని చేసుకోవాలి. కొందరు రెండో రోజుకల్లా అక్కడ కాగితం ఉందన్న సంగతే మర్చిపోతారు, వాళ్లకు ఇన్నాళ్లూ ఆ చోట కనిపించింది వెబ్ పేజీల ఖాళీ అంచులు, ప్రకటనలే. కొందరు మొదటి పూటే పట్టీని పైకెత్తి చూడటం మొదలుపెడతారు. దాని కింద మొత్తాల కాలమ్ ఉంటుంది.